కట్టుబడి లెక్క - కాపురపు లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దల మాట. ఈ రెండు కార్యములలోను చేయి దాటిపోవు ఖర్చు ఎంతటిదో పడినవారికే తెలియునని దాని తాత్పర్యము. కాని ఆ సామెత చెప్పక విడిచిన సంగతి యొకటి కలదు. పెండ్లి ఖర్చు పందిరి విప్పుటతో తీరును; కాపురపు ఖర్చు అప్పుడే మొదలగును. ఇంటి విషయమును అట్టిదే. గోడలు లేపి కప్పు వేయుటకైన వ్యయము ఒక్కసారితో ముగియును. ఆ గోడల నడుమ వేసవిని ఓర్చుకొనుటకు, చలిని తప్పించుకొనుటకు, దీపము వెలిగించుకొనుటకు, పంకా త్రిప్పుకొనుటకు అగు వ్యయము ఆ యిల్లు నిలిచియున్నంత కాలము నెలనెలకు వచ్చుచునే యుండును. మొదటిదానిని కట్టుబడి లెక్క యనియు, రెండవదానిని కాపురపు లెక్క యనియు పిలుచుకొందము.

మన దేశములోని పెద్ద గృహనిర్మాతలలో భారత ప్రభుత్వము మొదటి వరుసలోనిది. ఆ ప్రభుత్వము కట్టిన కచేరీలలో పనిచేయుచు, అది కట్టిన క్వార్టర్లలో కాపురముండు మనకు ఈ రెండు లెక్కల చరిత్ర పరాయి విషయము కాదు. మొదటి లెక్కను ప్రభుత్వము దాదాపు నూటయేబది సంవత్సరములు శ్రద్ధగా వ్రాసికొనెను. రెండవ లెక్కకు చట్టరీత్యా పుస్తకము తెరచినది 2001లో మాత్రమే. ఈ ఆలస్యము ఎట్లు కలిగెను, తెరచిన పుస్తకములో ఇప్పటికి ఏమి వ్రాయబడెను, ఇంకను ఎక్కవలసిన పద్దులేవి అను విషయములను ఈ వ్యాసమున విచారింతము.

1854వ సంవత్సరము జూలై మాసమున, డల్హౌసీ గవర్నరు జనరలుగా నున్న కాలములో, పబ్లిక్ వర్క్సు శాఖ ఏర్పడెను. నేటి కేంద్ర ప్రజాపనుల శాఖ తన పుట్టుకను ఆనాటినుండియే లెక్కించుకొనును. అప్పటికి ఈ దేశమున విద్యుత్తు లేదు. కనుక భవనము తన్ను తానే చల్లబరచుకొనవలసి యుండెను. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, కప్పు దగ్గర వేడిగాలి వెడలిపోవుటకు చిన్న గవాక్షములు, ఎండ గోడను తాకకుండ చుట్టును లోతైన వసారాలు - ఇవి ఆనాటి సర్కారు బంగళాల లక్షణములు. వేసవిలో ద్వారములకు వట్టివేళ్ల తడకలు కట్టి నీరు చల్లెడివారు.

అయితే ఆ చల్లదనము ఉచితముగా వచ్చినదని భ్రమపడరాదు. దొరగారి నిద్రకు గాలి తెచ్చినవాడు వసారాలో కూర్చుండి రాత్రియెల్ల త్రాడు లాగిన పంకా కూలి. తడకలు ఆరకుండ నీరు మోసినవాడు బిస్తీ. శక్తి వ్యయము అప్పుడును కలదు. అది లెక్క పుస్తకములోనికి ఎక్కక పేదవాని భుజముల మీదికి ఎక్కెను. వ్రాయని ఖర్చును ఎవడో యొకడు మోయకతప్పదను ఈ సంగతి మన కథలో మరల మరల కనబడును.

మన తెలుగు పల్లెలలోను గృహస్థులు ఈ లెక్కను వ్రాయకయే ఎరిగియుండిరి. గోదావరి, కృష్ణా మండలములలోని మండువా లోగిలి నడిమి ముంగిలిద్వారా వెలుతురును గాలిని నలుదిక్కుల గదులకు పంచెడిది. ఉత్తరాంధ్ర తీరమున చుట్టిండ్లు తమ గుండ్రని ఆకారముచేతను, క్రిందికి దిగిన తాటాకు కప్పుచేతను తుపాను గాలికి ఓర్చి నిలిచెడివి. పట్టణములలో కలిగినవారు వేయించుకొన్న మద్రాసు మిద్దెలో టేకు దూలముల మీద ఇటుకలు సున్నముతో పేర్చి, పైన ఇటుకజల్లి సున్నము దిమ్మిస చేసి, పలక పెంకు పరచెడివారు. వానిలో చీకటి గదులు కలవు, ఏటేట మరమ్మతు కలదు. అవి స్వర్గములని చెప్పుట నా యుద్దేశము కాదు. ఎండ యెటునుండి వచ్చునో, గాలి యెటు వీచునో తెలిసికొనకుండ మేస్త్రి ముగ్గు పోయలేదని మాత్రమే చెప్పుచున్నాను.

స్వాతంత్ర్యముతో దేశము ముందు నిలిచిన సమస్య వేరు. విభజనవలన లక్షలాది కాందిశీకులు వచ్చిపడిరి. కొత్త ప్రభుత్వమునకు కొత్త కచేరీలు, కొత్త ఉద్యోగులు, వారికి ఇండ్లు కావలసి వచ్చెను. సిమెంటు కొరత, ఇనుము కొరత. ఆ కాలమున పొదుపు అనగా కట్టుబడిలో పొదుపు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, భారతీయ ప్రమాణముల సంస్థ 1947లోనే వెలసెను. 1954 ఆరంభమున కొత్త ఢిల్లీలో తక్కువ ఖర్చు ఇండ్ల అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. ఆ సంవత్సరమే జాతీయ భవన నిర్మాణ సంస్థ ఏర్పడెను. తక్కువ సిమెంటుతో, తక్కువ ఇనుముతో, తక్కువ రూపాయలతో ఎక్కువమందికి నీడ కల్పించుట యెట్లు అనునదే వీని ముందున్న ప్రశ్న. తల దాచుకొన చోటులేని వేళ అది న్యాయమైన ప్రశ్నయే.

కాని ఆ పొదుపు వెంట మరియొక మార్పు నడచివచ్చెను. కప్పు ఎత్తు తగ్గెను. గోడ మందము తగ్గెను. వసారా కుంచించుకొని బాల్కనీ యయ్యెను. సున్నపు మిద్దె స్థానమున కాంక్రీటు పలక వచ్చెను. కాంక్రీటు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రియెల్ల ఆ వేడిమిని క్రింది గదిలోనికి వదలును. అందుచేతనే పై అంతస్తు క్వార్టరులో జ్యేష్ఠమాసపు రాత్రి పగటికంటె దుర్భరముగా తోచును. ఆనాటి ఇంజనీర్లు ఈ సంగతి ఎరుగనివారు కారు. ఉత్తరదేశమున కాంక్రీటు పలకపై తడిమట్టిని మందముగా దిమ్మిస చేసి, దానిపై పలక ఇటుకలు పరచు 'మడ్ ఫుస్కా' పద్ధతిని ప్రజాపనుల శాఖ వాడెను. అది చవుకయైన మట్టితోనే వేడిమికి అడ్డుగోడ కట్టుట. శాఖవారి చేతిలో నున్న ఇట్టి తెలివి తరువాతి కాలమున త్వర పనులలో పలుచోట్ల మరుగున పడెను.

జ్ఞానమునకు లోపము లేదనుటకు సాక్ష్యములు ఇంకను కలవు. 1970లో ప్రకటింపబడిన జాతీయ భవన నియమావళిలో వెలుతురు, గాలి ప్రసారములకు ప్రత్యేక ప్రకరణము కలదు. 1987లో భారతీయ ప్రమాణముల బ్యూరో వెలువరించిన కరదీపిక ఏ యూరిలో సూర్యుడు ఏ మాసమున ఏ కోణమున నుండునో, కిటికీపై నీడపలక ఎంత ముందుకు రావలెనో పట్టికలతో తెలిపెను. అయితే నియమావళి సలహా మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వములు, పురపాలక సంఘములు తమ నిబంధనలలో చేర్చుకొన్నంతవరకే అది నిర్బంధమగును. పుస్తకము గ్రంథాలయములోను, భవనము వీధిలోను ఉండిపోయెను.

కాపురపు లెక్కను ప్రపంచమునకు మొట్టమొదట గుర్తుచేసినది 1973 నాటి చమురు సంక్షోభము. కొద్ది నెలలలో ముడిచమురు వెల సుమారు నాలుగు రెట్లయ్యెను. మన దేశమున ఆ మరుసటి సంవత్సరమే, 1974లో, బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థయందు 'అస్త్ర' యను పరిశోధన విభాగము ఏర్పడి, మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి యంత్రమున అదిమిన కాల్చని ఇటుకను వాడుకలోనికి తెచ్చెను. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ విడిచి గోడలు కట్టించెను. దానివలన ఇటుకలు తగ్గుటయే గాక, ఆ ఖాళీలోని గాలి వేడిమిని లోనికి రానీయదు. ఒకే గోడలో కట్టుబడి లెక్కయు, కాపురపు లెక్కయు కలసివచ్చిన ఉదాహరణ మిది. 1980 దశకమున కొల్లములో మొదలైన నిర్మితి కేంద్రము నమూనాగా, 1970లో స్థాపితమైన హడ్కో సహాయముతో అనేక జిల్లాలలో భవన కేంద్రములు వెలసెను. 1990లో నిర్మాణ వస్తువుల సాంకేతిక ప్రోత్సాహక మండలి ఏర్పడెను.

ఇంతలో గాలి యెదురు తిరిగెను. సిమెంటుపై నియంత్రణము 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగెను. 1991 తరువాత ఆర్థిక విధానము మారి, నగరములలో కచేరీ భవనములు వేగముగా లేచెను. వానికి నిలువెల్ల అద్దపు గోడలు పెట్టుట వాడుక యయ్యెను. ఎండ మొగము చూచుటకు వాచిన చలిదేశములవారికి ఆ అద్దము ఉపకారి. ఏడాదిలో పెక్కు నెలలు ఎండనుండి తప్పించుకొనవలసిన మనకు అది పగలెల్ల కొలిమి. అద్దము లోనికి తెచ్చిన వేడిమిని బయటకు నెట్టుటకు శీతలయంత్రము, ఆ యంత్రము నడచుటకు బొగ్గు, ఆ బొగ్గు కాలిన బూడిద, పొగ. కట్టించినవానికి అద్దపు వెల మాత్రమే లెక్క. తక్కినదెల్ల అద్దెకు వచ్చినవానిది, ఊరివారిది.

ఈ స్థితిలో పార్లమెంటు 2001లో శక్తి పరిరక్షణ చట్టమును చేసెను. దానిక్రింద 2002 మార్చి 1వ తేదీన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడెను. తొలిదినములలోనే రాష్ట్రపతి భవనము, శ్రమశక్తి భవనము మున్నగు ప్రభుత్వ భవనములలో విద్యుత్తు వినియోగపు తనిఖీ జరుగుట గమనింపదగినది. పరుల ఇంటి లెక్క అడుగుటకు ముందు తన యింటి లెక్క చూచుకొనుట మర్యాద.

2007 మే మాసమున శక్తి పరిరక్షణ భవన నియమావళి వెలువడెను. దేశమును అది ఐదు శీతోష్ణ మండలములుగా విభజించెను: వేడియు పొడియు గలవి, ఉక్కయు తేమయు గలవి, మిశ్రమములు, సమశీతలములు, చలిప్రదేశములు. ఢిల్లీ, హైదరాబాదు మిశ్రమ మండలమునకు చెందినవి. విశాఖపట్టణము ఉక్కమండలమునకు చెందినది. గోడ, కప్పు, కిటికీ, దీపము, శీతలయంత్రము - ప్రతిదానికి మండలమునుబట్టి హద్దు ఏర్పడెను. మొదట 500 కిలోవాట్ల సంధానిత భారముగల వాణిజ్య భవనములకు ఉద్దేశింపబడిన చట్టపు పరిధి 2010 సవరణచే 100 కిలోవాట్లకు దిగెను. 2007 నియమావళి సాధారణ పద్ధతిలో వెలుపలి గోడలో 60 శాతమువరకు అద్దమును సహించెను. 2017లో సవరించిన నియమావళి దానిని 40 శాతమునకు తగ్గించెను. సామాన్య భవనముకంటె 25, 35, 50 శాతము శక్తి ఆదాచేయు మూడు తరగతులను కూడ అది ఏర్పరచెను.

ఈ చరిత్రలో తెలుగుదేశమునకు మంచి స్థానము కలదు. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, భారత పరిశ్రమల సమాఖ్య, గోద్రెజ్ సంస్థ కలసి హైదరాబాదులో కట్టిన హరిత వాణిజ్య కేంద్రము అమెరికా దేశమునకు వెలుపల లీడ్ ప్లాటినం స్థాయిని పొందిన మొదటి భవనముగా పేరొందెను. దానిని 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిరి. 2014 జనవరిలో, రాష్ట్ర విభజనకు కొద్ది నెలల ముందు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శక్తి పరిరక్షణ నియమావళిని రాష్ట్ర భవన నిబంధనలలో చేర్చి నిర్బంధము గావించెను. ఆ రూపకల్పనలో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి తోడ్పడెను. ఢిల్లీలో వెలువడిన సలహా మన పురపాలక కచేరీ బల్లమీదికి ఆజ్ఞగా వచ్చుట చిన్న విషయము కాదు.

అదే సంవత్సరము ఫిబ్రవరి 25న ఢిల్లీ జోర్‌బాగులో ఇందిరా పర్యావరణ భవనమును ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిరి. దానిని కట్టినది కేంద్ర ప్రజాపనుల శాఖయే. ఏడాది మొత్తమున తనకు కావలసిన విద్యుత్తును తానే పుట్టించుకొనవలెనను సంకల్పముతో కప్పుపై 930 కిలోవాట్ల సౌరఫలకములు అమర్చిరి. నడుమ విశాలమైన ముంగిలి విడిచి, గాలిని వెలుతురును లోపలికి రప్పించిరి. ఆ ముంగిలిలో నిలిచిన తెలుగువానికి మన మండువా స్ఫురింపక మానదు. 1854నాటి శాఖ తన చేతిపని మరువలేదని ఆ భవనము చూపినది.

కట్టుబడి, కాపురము గాక మూడవ లెక్క యొకటి కలదు. అది మట్టిది. కాల్చిన ఇటుకకు పొలముల పైమట్టి పోవును. బట్టీకి బొగ్గు పోవును. మరియొక వంక థర్మల్ కేంద్రములచుట్టు బూడిద గుట్టలు పడుచుండెను. 1999 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన బొగ్గు విద్యుత్కేంద్రమునకు 50 కిలోమీటర్ల లోపల చేయు ఇటుకలో కనీసము 25 శాతము బూడిద కలుపవలెనని విధించెను. ఆ దూరము 2003లో 100, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగెను. ఇందును మనవారి కృషి ముందే కలదు. విశాఖపట్టణమున భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు బూడిద, సున్నము, జిప్సములను కలిపి, బట్టీ పెట్టకయే గట్టిపడు ఇటుకను రూపొందించిరి. 'ఫాల్‌జి' యను పేరుతో అది దేశమంతట వ్యాపించెను. రామగుండము బూడిదను, సింహాద్రి బూడిదను ఎరిగినవారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్లు కచేరీలకు, హోటళ్లకు, ఆసుపత్రులకు నియమము వచ్చెను గాని, మనుష్యులు నిద్రించు ఇండ్లకు రాలేదు. 2018 డిసెంబరులో వెలువడిన 'ఎకో నివాస్ సంహిత' ఆ కొరతను తీర్చుటకు మొదటి మెట్టు. 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములలోని నివాసములకు అది ఉద్దేశింపబడెను. చలిప్రదేశములు తప్ప తక్కిన నాలుగు మండలములలో గోడల, కిటికీల ద్వారా లోనికి చొరబడు వేడిమి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని దాని నియమము. తెరచు కిటికీల వైశాల్యము ఢిల్లీ వంటి చోట నేల వైశాల్యములో ఎనిమిదవ వంతు, విశాఖ వంటి ఉక్కప్రదేశమున ఆరవ వంతు ఉండవలెనని నిర్ణయించెను. పూర్వపు మేస్త్రి ముగ్గుపోసి చెప్పిన మాటను ప్రభుత్వము అంకెలలో వ్రాసినది. 2022లో చట్టము మరల సవరింపబడి, 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. దానివలన నివాస భవనములును చట్టపు పరిధిలో చేరెను. అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మించిన స్థలములలోని ఇండ్లకును వేడిమిని త్రిప్పికొట్టు కప్పు విధిగా ఉండవలెనని దాని సారాంశము.

ఇంతవరకు జరిగినది మెచ్చదగినది. జరుగవలసినది ఇంతకంటె పెద్దది. చట్టపు హద్దు 100 కిలోవాట్ల దగ్గర ఆగును. దానిని తగ్గించు అధికారము రాష్ట్రములకు కలదు. రెండు గదుల డాబా కట్టుకొను గుమాస్తాకు, రేకుల కప్పు వేసికొను కూలివానికి ఏ నియమావళియు తోడు రాదు. ఎండ మాత్రము హద్దు చూడక వారిమీదనే ముందుగా పడును. నియమములు కొత్త భవనములను చూచినంతగా పాతవానిని చూడవు. మనలో ఎక్కువమంది కాపురముండునది పాతవానిలోనే. కట్టువాడు ఒకడు, విద్యుత్తు బిల్లు కట్టువాడు మరియొకడు అగుట క్వార్టర్లలోను, అద్దె యిండ్లలోను సమానమే. గోడలో రూపాయి ఆదాచేసినవానికి ఆ గోడలోపలి ఉక్క తెలియదు.

ఇంకొక సంగతి. 2016లో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని సరోజినీ నగర్, నేతాజీ నగర్ మున్నగు ఏడు ఉద్యోగుల కాలనీల పునర్నిర్మాణమునకు అనుమతి యిచ్చెను. 2018లో అందుకై వేలకొలది చెట్లు కొట్టవలసివచ్చునని తెలిసి నగరవాసులు నిరసన తెలిపిరి. విషయము ఢిల్లీ హైకోర్టునకు చేరి, కొట్టుడు నిలిచెను. కొత్త భవనములు హరిత భవనములే కావచ్చును. కాని మూడు తరముల ఉద్యోగుల పిల్లలు ఏ వేపచెట్టు క్రింద ఆడుకొనిరో, ఆ నీడ విలువను ఏ లెక్కలో వ్రాయవలెను? చెట్టు నీడయు కాపురపు లెక్కలోని పద్దే యని ఆ సంఘటన ప్రభుత్వమునకు గుర్తుచేసెను.

మనము చట్టములు చేయువారము కాము. కాని అంచనాలు తయారుచేయువారు, వానిని పరిశీలించువారు, మంజూరు వ్రాయువారు, కొలతలు పుస్తకమున కెక్కించువారు, బిల్లు చెల్లించువారు మనలోనే కలరు. ప్రభుత్వ భవనపు అంచనా మొదటి పుటలో కట్టుబడి వ్యయమునకు ప్రక్కనే, ఆ భవనము ముప్పది యేండ్లలో మ్రింగు విద్యుత్తు వ్యయమును గూడ వ్రాయు ఆచారము ఏర్పడినచో, మంజూరు చేయు చేయి ఒక్క క్షణమైనను ఆగి చూచును. సొంతయిల్లు కట్టుకొనువారు మేస్త్రిని చదరపు అడుగు ధర అడిగిన నోటితోనే పడమటి గోడ సంగతియు, కప్పు సంగతియు అడుగవలెను. కప్పుమీద రెండు పూతలు తెల్లసున్నము వేయించుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు.

నాటి పంకా కూలి భుజముమీది బరువు నేడు ఎవరి మీద పడినదో ప్రతి యేటి వేసవి చూపుచున్నది. ఆ బరువును లెక్కలోనికి తెచ్చుటకు మన ప్రభుత్వమునకు నూటయేబది యేండ్లు పట్టెను. తెచ్చిన లెక్కను సరిగా వ్రాయు పని మన వంతు.